మిలట్రీ బండి

తాళం తుప్పుపట్టి తిరగకపోయేసరికి లక్ష్ముడు గునపం తెచ్చి గొళ్ళాన్నే పెకలించాడు. షెడ్డు తలుపులు నేలను గీసుకుంటూ తెరుచుకున్నాయి. వెనకగోడ కన్నంలోంచి ఎప్పుడు దూరాయో, రెండు కోళ్ళు అరుచుకుంటూ ఇద్దరి కాళ్ళసందునా పడి పెరట్లోకి పరుగెత్తాయి. ఎలకల కంపూ, పాత నూనె వాసనా, నానిన గోగునార వాసనా కలిసి గుప్పున మొహానికి కొట్టాయి.

“ఇదే బాబూ,” అన్నాడు లక్ష్ముడు, కొత్తవాడికి చూపిస్తున్నట్టు.

గణపతిరావుకి తెలియని బండి కాదు. చిన్నప్పుడు సెలవులకి ఈదులవలస వచ్చినప్పుడల్లా తాత పక్కన కూచుని హారన్ నొక్కినవాడే. యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో మిలట్రీవాళ్ళు వేలం వేస్తూంటే తాత నరసింగనాయుడు పాడుకుని తెచ్చిన షెవర్లెట్ పికప్ అది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది మిలట్రీ బండే. ఇప్పుడు చక్రాలు లేక ఇటికల దొంతరలమీద నిలబడి ఉంది. బానెట్ మీద దుమ్ము వేలెడు మందాన పేరుకుంది. ముందు దీపాల్లో ఒకదానికి అద్దం లేదు.

లక్ష్ముడు బండి తలుపు లాగి, సీటులోకి చెయ్యి దూర్చి తడిమాడు. పీచు బయటికొచ్చిన సీటులో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. ఒక్కొక్కటీ తీసి తువ్వాల్లో పెట్టుకుని, అరుగుమీద కూచున్న లక్ష్మీనరసమ్మ ముందు ఉంచాడు.

“తుప్పట్టుకుపోయిన దాన్ని ఏటి సేస్తావురా గణపతీ?” అంది అమ్మమ్మ. “పాతినప సామానోడికి ఇచ్చీరాదా?”

“విజయనగరంలో ఐసు ఫ్యాక్టరీ జగన్నాధంగారు అడుగుతున్నారు అమ్మమ్మా. నడిచే బండైతే తీసుకుంటానన్నారు.”

“నీ ఇష్టం. పొలం మీ మావకి, బండి నీకని తాత ఎప్పుడో అనీసినాడు కదా.”

గణపతిరావు చప్పున లక్ష్ముడివైపు చూశాడు. లక్ష్ముడు ఖాళీ అయిన తువ్వాలు దులుపుకుని మళ్ళీ షెడ్డులోకి వెళ్ళిపోతున్నాడు. వీపుమీద ఎముకలు కనిపిస్తున్నాయి. ఆ బండి నడిచినన్నాళ్ళూ క్లీనరుగా పనిచేసినవాడు, అది ఆగిపోయాక తాత పొలంలోనే పాలేరుగా కుదిరాడు.

తాత ఎప్పుడో అన్నమాట నిజమే. కాని ఆయన చివరిగా అన్నమాట అది కాదు. కిందటి నెల పోయేముందు పక్షవాతంతో మంచం పట్టినప్పుడు చెంచాతో బార్లీనీళ్ళు పట్టింది గణపతిరావే. తాత బాగున్న చేత్తో చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. వంకరపోయిన నోటితో, “బండి... లక్ష్ముడికి...” అన్నాడు. అర్థం కానట్టు చూస్తే మళ్ళీ అన్నాడు. గణపతిరావుకి మొదటిసారే అర్థమైంది. వంటింట్లోంచి వస్తూ అమ్మమ్మ, “ఏటంటన్నాడ్రా?” అని అడిగింది.

“దాహమట,” అన్నాడు.

ఆ మాట తన నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు. తాత కళ్ళు మనవడి మొహంమీదే ఉన్నాయి. మనవడు చెంచా ఆయన పెదాల మధ్య పెట్టాడు. ఆయన మింగక తప్పలేదు.

—

చీపురుపల్లి నుంచి మెకానిక్ కొండబాబు పొద్దుటి బస్సుకి వచ్చాడు. నూనె మరకల నిక్కరు, చెవిమీద బీడీ. బానెట్ ఎత్తి, ఇంజను తిప్పే హేండిల్ ముందువైపు దూర్చి బలంకొద్దీ తిప్పబోయాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

“బిగిసిపోయింది. కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోసి నానబెట్టాలి. బలవంతం చేస్తే విరుగుతాది,” అన్నాడు.

ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో నూనె పోసి వదిలేశారు. అది నానేలోగా మిగతా పని మొదలుపెట్టారు. పెట్రోలు టాంకు దించి, గుప్పెడు గులకరాళ్ళు వేసి, లక్ష్ముడూ గణపతిరావూ చెరోపక్కా పట్టుకుని ఊపారు. ఎర్రటి తుప్పునీళ్ళు కారాయి. మళ్ళీ కడిగారు, మళ్ళీ ఊపారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా లక్ష్ముడు ఒప్పుకోలేదు. రేడియేటరులోంచి ఎలక గూడు వచ్చింది. లక్ష్ముడు కొబ్బరి ఈనెతో ఒక్కో సందూ పొడిచి శుభ్రం చేశాడు. అతను చెయ్యి వేస్తే తుప్పు కూడా మాట వింటున్నట్టుండేది.

విజయనగరం బట్టలకొట్టులో గజంబద్ద పట్టుకోవడం తప్ప వేరే పని ఎరగని గణపతిరావుకి మొదటిరోజే అరచేతులు బొబ్బలెక్కాయి. అది చూసి లక్ష్ముడు ఇంటికి పోయి గానుగనూనె తెచ్చి ఆకులో పెట్టి ఇచ్చాడు. “రాసుకోండి బాబూ, అలవాటు లేని సేతులు.”

ఆ నూనె రాసుకుంటూంటే గణపతిరావుకి చేతులకంటే మరెక్కడో మండింది.

మధ్యాహ్నం అమ్మమ్మ భోజనానికి పిలిస్తే లక్ష్ముడు రానన్నాడు. ముంతలో తెచ్చుకున్న అంబలి వేపచెట్టు నీడన కూచుని తాగాడు. గణపతిరావు ఇంట్లో పీటమీద కూచుని ఆనపకాయ కూర కలుపుకుంటూ కిటికీలోంచి అతన్నే చూశాడు. అతను తాగడం అయ్యాక ముంత తొలిచి, ఆ నీళ్ళు కూడా తాగి, వెంటనే లేచి బ్రేకు కడ్డీలకి గరుకుకాయితం రుద్దడం మొదలెట్టాడు. ఇతని చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“కూర బాగులేదేటి?” అంది అమ్మమ్మ.

మర్నాడు కొండబాబు హేండిల్‌ని అటూ ఇటూ మెల్లిగా ఆడించాడు. ఏదో లోపల మూలిగింది. “వస్తంది, వస్తంది,” అంటూ లక్ష్ముడు తానూ ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి నొక్కితే హేండిల్ జిడ్డుగా, బద్ధకంగా ఒక చుట్టు తిరిగింది. కొండబాబు నవ్వి నుదురు తుడుచుకున్నాడు.

“బాబూ, ఈ బండికోసం ఇంత పేణం పెట్టీవోడు ఇంకెవుడూ దొరకడు. ఐసు ఫ్యాక్టరీకెందుకు, ఇతగాడికే ఇచ్చీరాదా?” అని వేళాకోళమాడాడు.

లక్ష్ముడు నవ్వలేదు. గణపతిరావు నవ్వబోయాడు. నీళ్ళకని లోపలికి వెళ్ళి, తాత మంచం ఉండే చోట ఊరికే కాసేపు నిలబడి వచ్చాడు.

ఒక్క విషయం మాత్రం అతనికి అంతుపట్టలేదు. లక్ష్ముడు బండి కిందికి దూరేవాడు, ఇంజనులోకి మోచేతులదాకా చేతులు పెట్టేవాడు, కాని వెనక సరుకు వేసే తొట్టిలోకి ఎక్కేవాడు కాదు. తొట్టి అడుగుచెక్కలు పుచ్చిపోయాయి, మార్చాలి. “అది వడ్రంగి సేత సేయించండి బాబూ, నాకు సేతకాదు,” అన్నాడు. మేకులు పీకడం చేతకానివాడా! వడ్రంగి వచ్చి పాత చెక్కలు ఊడదీసి కింద పడేస్తూంటే, వాటి సందుల్లో ఇరుక్కున్న గోగునార పోగులు ఎండకి మెరిశాయి. లక్ష్ముడు ఆ చెక్కలవైపు వీపు పెట్టి కూచుని, బోల్టులు కిరసనాయిల్లో కడుగుతూనే ఉన్నాడు.

రోజూ సాయంత్రం లక్ష్ముడు ఇంటికి పోయేముందు నూతిదగ్గర కాళ్ళు కడుక్కునేవాడు. గణపతిరావు రోజూ అక్కడిదాకా వెళ్ళేవాడు, చెప్పేద్దామని. నోరు తెరిచేసరికి, “రేపు బ్యాటరీ వస్తుంది కదా?” అనో, “పెయింటు పచ్చరంగే వేద్దామా?” అనో వచ్చేది. చెబితే బండి పోతుంది. కొట్టులో గుమాస్తాగిరీ వదిలి సొంతంగా చిన్న దుకాణం పెట్టుకుందామన్న ఆశా పోతుంది. చెప్పకపోతే ఈ మనిషి ఇలాగే తన బండిని తానే మరమ్మతు చేసి, తన చేతుల్తోనే పరాయివాడికి అప్పజెబుతాడు. తక్కెడ తట్టలు రెండూ చేతుల్తో పట్టుకుని నిలబడ్డట్టుండేది అతనికి. ఏదీ దించలేకపోయేవాడు.

—

చక్రాలు బిగించి, ఇటికలమీదనుంచి దించిన రోజున ఊళ్ళో సగంమంది షెడ్డు ముందరే ఉన్నారు. కొండబాబు లోపల కూచున్నాడు. లక్ష్ముడు హేండిల్ దగ్గర వంగున్నాడు. నాలుగైదుసార్లు తిప్పాక ఇంజను తుమ్మింది, నల్లటి పొగ కక్కింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి ఒళ్ళంతా వణికించుకుంటూ నిలదొక్కుకుంది. పిల్లలు కేకలు వేశారు. లక్ష్మీనరసమ్మ బానెట్‌కి పసుపు రాసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

లక్ష్ముడు హేండిల్ లాగి కింద పడేసి వెనక్కి నడిచాడు. అతని మొహంలో సంతోషం వెతికాడు గణపతిరావు. దొరకలేదు. నూతిగట్టుమీద కూచుని చేతులకి బూడిద రాసి, ఇసక రాసి, గోళ్ళసందులు రక్తం వచ్చేట్టు తోముకుంటున్నాడు.

“లక్ష్ముడూ,” అన్నాడు గణపతిరావు.

“రేపు విజయనగరం నేనూ వస్తాను బాబూ,” అన్నాడు లక్ష్ముడు తలెత్తకుండానే. “బ్యాటరీని నమ్ముకోకండి. దారిలో ఆగిపోతే హేండిల్ కొట్టడానికి ఒకడుండాల.”

మర్నాడు ఎండ ముదరకముందే బయల్దేరారు. గణపతిరావు తోలుతున్నాడు. చిన్నప్పుడు తాతే పొలం కళ్ళంలో నేర్పాడు. లక్ష్ముడు పక్కసీటులో, తలుపుకి ఆనుకుని, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. ఎర్రమట్టి రోడ్డు మీద బండి గొణుక్కుంటూ పోయింది. చీపురుపల్లి దాటి కొంతదూరం వెళ్ళాక ముందునుంచి ఆవిరి లేచింది.

“ఆపండి, ఆపండి. నీల్లు మరిగిపోనాయి.”

పక్కన తూములో నీళ్ళున్నాయి. లక్ష్ముడు డబ్బా పట్టుకుని దిగాడు. వేడి తగ్గేదాకా ఆగి, తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తీసి, సన్నధారగా నీళ్ళు పొయ్యసాగాడు. చుట్టూ ఎవరూ లేరు. దూరంగా చోడి చేలో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు.

“లక్ష్ముడూ, ఈ బండి నాది కాదు,” అన్నాడు గణపతిరావు. “తాత పోయేముందు నీకిమ్మన్నాడు. నాతోనే అన్నాడు. నేను దాచేశాను. అమ్మమ్మకి కూడా చెప్పలేదు.”

నీళ్ళధార చెదరలేదు. డబ్బా ఖాళీ అయ్యాక లక్ష్ముడు మూత బిగించాడు.

“తెల్సు బాబూ.”

“ఎలా తెలుసు? ఆ గదిలో ఎవరూ లేరే!”

“మీతో అన్నాడని తెల్దు. నాతో అన్నది తెల్సు. మంచాన పడకముందు ఎన్నోసార్లు కబురెట్టినాడు. ఒరే లక్ష్ముడా, బండి నువ్వట్టుకుపోరా అన్నాడు. నాకొద్దు బాబూ అన్నాను.”

“ఎందుకు?”

లక్ష్ముడు మడ్‌గార్డ్ మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. రోడ్డుపక్క మట్టిలో గొంతుకూచున్నాడు.

“మా పిల్ల నూకాలు మీకు గేపకముందా? మీ సిన్నప్పుడు మీ ఎనకాల్నే తిరిగీది. ఏడో ఏడు ఎల్లలేదు. దానికి గొంతు పూసి మూసుకుపోనాది. ఊపిరాడ్డం నేదు. ఊళ్ళో మందులిచ్చే ఆచారి సూసి, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి అట్టుకుపోండి, ఆలీసం సేయొద్దన్నాడు. ఈ బండి షెడ్డుముందరే ఉన్నాది. నిండా గోగునార మోపులు. నాయుడుబాబుని అడిగినాను. మద్దినేళకి మిల్లు గేటు మూసీస్తార్రా, సరుకు దించీసి ఒచ్చీసి పిల్లని ఏసుకెల్దాం అన్నాడు. మిల్లు పడమర, శ్రీకాకుళం తూరుపు.”

గణపతిరావు బండికి ఆనుకున్నాడు. రేకు వీపుకి కాలింది. కదల్లేదు.

“అబద్దమాడనేదు బాబూ ఆయన. సరుకు దించగానే మంచినీల్లయినా తాక్కుండా తోలుకొచ్చినాడు. మేవొచ్చీసరికి దాన్ని అరుగుమీద పడుకోబెట్టీసినారు.”

“తాత... తాత చేసింది...”

“తాతగారొక్కడే సేసినాడేటి?” లక్ష్ముడు మొదటిసారి గొంతు పెంచాడు. “కిలీనరెవుడు? నేను కానా? ఎక్కరా అన్నాడు, ఎక్కినాను. దించరా అన్నాడు, దించినాను. మోపు మోపూ ఈ బుజమ్మీదే దించినాను, పిల్ల అక్కడ గిలగిల్లాడతంటే. నాను రాను బాబూ అని ఒక్క మాటంటే ఆ సరుకు కదిలీదా? అన్నేకపోనాను. నోరు రానేదు. దానికి కూలిగా ఇప్పుడు బండి పుచ్చుకోమంటారా?”

చేలోంచి ఎవరో ఆడమనిషి పాటలాంటిది ఎత్తుకుని మధ్యలో మానేసింది.

“ఇప్పుడైనా తీసుకో లక్ష్ముడూ,” అన్నాడు గణపతిరావు. బతిమాలుతున్నట్టే ఉంది. “అమ్ముకో. ఏమైనా చేసుకో. నా దగ్గర మాత్రం వద్దు.”

లక్ష్ముడు తలెత్తి అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండునని గణపతిరావుకి అనిపించింది.

“మీరూ అదే అంటారేటి బాబూ? నాకిచ్చీసి తాతగారు సులువైపోదామనుకున్నాడు. మీరూ సులువైపోదామనుకుంటన్నారు. మరి నేను?”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు చేశావు ఈ పనంతా?”

“పొలానికెల్తే కనబడతాది, వస్తే కనబడతాది. తలుపేసున్నా ఆ లోపలుందని తెల్సు కదా. అమ్మీస్తారంటే, ఊరొదిలి పోతాది కదాని సేతులేసినాను.” అతను లేచి హేండిల్ అందుకున్నాడు. “ఎక్కండి బాబూ. ఎండెక్కిపోతంది.”

గణపతిరావు ఎక్కి కూచున్నాడు. ముందద్దంలోంచి, వంగి హేండిల్ తిప్పుతున్న లక్ష్ముడి నడినెత్తిన నెరిసిన జుట్టు పైకీ కిందికీ ఊగుతూ కనిపించింది.

—

ఐసు ఫ్యాక్టరీ ఆవరణలో జగన్నాధం బండి చుట్టూ తిరిగి, టైర్లు కాలితో తన్ని, ఇంజను చప్పుడు చెవి ఒగ్గి విన్నాడు. తొట్టిలోకి ఎక్కి కొత్త చెక్కలమీద గెంతి చూశాడు.

“భేషుగ్గా చేయించావయ్యా! మిలట్రీ ఇనుమంటే ఇనుమే. తాతగారి వస్తువు, వదులుకోవడం కష్టంగానే ఉంటుంది నీకు,” అన్నాడు.

“లేదండీ,” అన్నాడు గణపతిరావు. మరీ తొందరగా అన్నాడేమో, ఆయన వింతగా చూశాడు.

పని ముగిసి బయటికొచ్చేసరికి లక్ష్ముడు గేటు అవతల నిలబడున్నాడు. లోపలినుంచి ఎవరో టీ తాగమని పిలిచినా రాలేదట. బండి షెడ్డులోకి పోతున్న చప్పుడు విని ఒక్కసారి తల తిప్పాడు. తర్వాత ఇద్దరూ బస్సుస్టాండుదాకా నడిచారు. అమ్మిన డబ్బు గణపతిరావు లోపలి జేబులో ఉంది. చెమటకి తడిసి గుండెకి అంటుకుంటోంది. దాని మాట ఎత్తడానికి అతనికి ధైర్యం లేదు. ఎత్తితే ఏమంటాడో ఇప్పుడు తెలుసు.

శ్రీకాకుళం పోయే బస్సు దొరికింది. లక్ష్ముడు అలవాటుకొద్దీ తలుపుదగ్గర కింద కూచోబోయాడు. గణపతిరావు చెయ్యి పట్టుకుని పక్కసీటులో కూచోబెట్టాడు. కండక్టరుకి డబ్బులిచ్చి ఈదులవలసకి రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. చీపురుపల్లిలో బస్సు ఆగినప్పుడు లక్ష్ముడు కిటికీలోంచి చూస్తూ, “దానికి బండెక్కడమంటే సరదా బాబూ,” అన్నాడు. “షెడ్డుకాణ్ణించి ఊరిసివరిదాకా ఎక్కించుకునీవోణ్ణి. దిగమంటే దిగీది కాదు.”

“ఆ,” అన్నాడు గణపతిరావు.

అతను ఇంకా చెప్పాడు. నూకాలు మొండితనం, జీడిపిక్కలు కాల్చుకు తిని మూతి కాల్చుకోవడం, తాతగారి మీసాలంటే భయపడటం. మధ్యమధ్య ఆగిపోయేవాడు. గణపతిరావు ఏమీ అడక్కుండా, ఏమీ కలపకుండా విన్నాడు. తనకి ఆ పిల్ల మొహం ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆ సంగతి లక్ష్ముడికి చెప్పలేదు. అదీ ఒక దాపరికమే అయింది.

“ఈదులవలస! ఎవరు దిగేది?” కండక్టరు కేకేశాడు.

గణపతిరావు లేచాడు. లక్ష్ముడు కదల్లేదు. ముందుసీటు కమ్మీని రెండు చేతుల్తోనూ గట్టిగా పట్టుకునున్నాడు.

“మీరు దిగిపోండి బాబూ. నేను శ్రీకాకుళం దాకా ఎల్లొస్తాను.”

“అక్కడేం పని?”

“పనేటీ నేదు. ఆ రోజు తర్వాత ఈ దారి తొక్కనేదు నేను. అప్పుడు ఎల్లుంటే ఎంతసేపు పట్టీదో సూద్దామని.”

“దిగేవాళ్ళు దిగండయ్యా,” అని కండక్టరు విసుక్కున్నాడు. గణపతిరావు మళ్ళీ కూచుని, శ్రీకాకుళానికి రెండు టిక్కెట్లు అడిగాడు.

బస్సు తాతగారి షెడ్డు పక్కనుంచే పోయింది. తెరిచి ఉన్న తలుపుల్లోంచి ఇటికల దొంతరలు కనబడి మాయమయ్యాయి. పొందూరులో నూలుచుట్టల మూటలతో ఇద్దరాడవాళ్ళు ఎక్కారు. చిలకపాలెం దగ్గర రోడ్డు నున్నబడింది, బస్సు వేగం అందుకుంది. లక్ష్ముడు ప్రతి ఊరినీ, ప్రతి మలుపునీ మెడ సాచి చూస్తున్నాడు. నాగావళి వంతెనమీదికి రాగానే కింద ఇసక తిన్నెలూ, మధ్యన సన్నటి నీళ్ళూ, అవతలి ఒడ్డున ఊరూ కనబడ్డాయి. పొద్దు ఇంకా వాలలేదు.

బస్సు ఆగింది. అందరూ దిగిపోయాక ఆఖర్న దిగాడు లక్ష్ముడు. ఆస్పత్రి ఎటని అడగలేదు. వచ్చిన రోడ్డువైపు తిరిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

“ఇంతేనా బాబూ?” అన్నాడు.

గణపతిరావు వచ్చి అతని పక్కనే, అదే రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు.